కిటికీకి తగిన జిగురు

మా చూలై యింటి ముందుగదిలో, అద్దాల బీరువా పై అరలో, ఒక విమానము కలదు. దాని రెక్కల కొనల నడుమ దూరము 40 సెంటీమీటర్లు. ముక్కునుండి తోకవరకు 27 సెంటీమీటర్లు. అసలు విమానపు కొలతలను 72వ వంతునకు కుదించి పోసిన ప్లాస్టిక్ ముక్కలతో దానిని కూర్చితిమి. పేరు డకోటా. చేతిలోనికి తీసికొని ఇంచుక వంచినచో లోపల నేదియో చిన్న వస్తువు జారిన చప్పుడగును. చూడవచ్చిన బంధువులు, “లోపల ఏదో ఊడినట్లుందే” అందురు. ఊడిన మాట నిజమే. అది యేల ఊడెనో, ఊడినదానిని మరల నతుకక యేల విడిచితిమో చెప్పుటకే యీ నాలుగు మాటలు. సంచిక సంపాదకులు పెద్దలనాటి ముచ్చట యేదైన వ్రాయుడని కోరిరి. మాకు తోచిన ముచ్చట జిగురు. చదువరులు మన్నింతురు గాక.

చూళై యనగా తమిళమున ఇటుకబట్టీ. కుంపిణీవారి కాలమున నిచ్చట ఇటుకలు కాల్చెడివారు గనుక పేటకా పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. పురసవాకమునకును, వేపేరికిని, పెరియమేటకును ఆనుకొనియున్న యీ పేటలో పుట్టి పెరిగినవారికి అతుకుల సంగతి కొంత సహజముగనే తెలియును. ఇటుకకు సున్నము తగినది. గుల్లలు కాల్చిన సున్నమున గ్రుడ్డు తెల్లసొన కలిపి నూరి పూసిన మదరాసు గచ్చు చలువరాతివలె మెరయునని పేరు పొందినది. కొయ్యకు వడ్రంగి కాచి పూయు జిగురు తగినది. కాగితమునకు మైదాపిండి యుడికించినది చాలును. గాలిపటమునకు రెండన్నపు మెతుకులే చాలును. మన కొండపల్లి బొమ్మలను చూడుడు. తెల్లపొణికి కొయ్యను ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో చేతులు, కాళ్లు, తలపాగాలు అతుకుదురు. రంగు పూసిన పిదప అతుకెచ్చటనో బ్రహ్మకును తెలియదు. ఇవన్నియు కంటికి కనబడని చోట దాగు జిగురులు. దాగుటకు తావులేని చోట, అనగా కాంతి దూసిపోవు పారదర్శకపు ముక్కకు, ఏ జిగురు తగునను ప్రశ్న మాకు డెబ్బదియేండ్లు దాటిన పిదప ఎదురైనది.

మా తండ్రిగారు తపాలాశాఖలో నుద్యోగి. 1949 జనవరిలో మన దేశమున రాత్రి విమాన తపాలా ఆరంభమైనది. బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మదరాసు నగరములనుండి రాత్రివేళ బయలుదేరిన విమానములు నడిరేయి నాగపురమున కలిసికొనెడివి. అచట తపాలా సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి ఎవరి యూరికి వారు మరలెడివారు. ఆనాడు మన యాకాశమున తిరిగిన విమానములలో పెక్కు డకోటాలే. 1935 డిసెంబరు 17న తొలిసారి యెగిరిన డీసీ-3 జాతి విమానమది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప మిగులు సరకుగా చౌకకు దొరకుటచే మన విమాన సంస్థలు వానిని విరివిగా కొనినవి. హైదరాబాదు బేగంపేటనుండి నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్ వారివియు డకోటాలే. 1953లో ఆ సంస్థ మరి యేడింటితోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది.

రాత్రి విమానమున కెక్కవలసిన సంచులను కట్టి, లక్కముద్ర వేసి, మీనంబాకమునకు పంపు వారిలో మా తండ్రిగారొకరు. నాగపురపు సంచిపై ఇన్నేండ్లు చేయివేసిన ఆ మనిషి నాగపురమును చూడలేదు; విమానము లోపల నెట్లుండునో కూడ చూడలేదు. ఎవరైన అడిగినచో, “సంచి పోయింది గదా, చాలు” అనెడివారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు మా బంధువులలో ఉద్యోగస్థులు కొందరు కర్నూలునకు, మరుసటి యేడు హైకోర్టుతోపాటు కొందరు గుంటూరునకు తరలిరి. మా తండ్రిగారు చూలైని విడువలేదు. ఏలయని మేమెన్నడును అడుగలేదు, ఆయన చెప్పలేదు.

1971లో నొక సాయంకాలము ఆయన మూర్ మార్కెట్టునుండి మూత చినిగిన అట్టపెట్టె యొకటి తెచ్చిరి. సెంట్రల్ స్టేషను ప్రక్కనుండిన ఆ మార్కెట్టు 1985 మే 30న అగ్నికి ఆహుతియైనది. దానిని చూచినవారికి వర్ణింప నక్కరలేదు, చూడనివారికి వర్ణింప మావల్ల కాదు. పాత పుస్తకములు, గ్రామఫోను పలకలు, పక్షులు, నాణెములు — అందులేనిది లేదు. ఆ పెట్టెలో డకోటా ముక్కలుండెను. వెండిరంగు ప్లాస్టిక్ రెక్కలు, నిలువునా రెండు చెక్కలుగా చీలిన దేహము, చక్రములు, ఒక చిన్న కాగితపు సంచిలో గోరంతేసి పారదర్శకపు కిటికీలు. ఆయన రాత్రి భోజనమైన పిదప లాంతరు బల్ల కడ కూర్చుండి రెక్కలు కూర్చిరి, తోక కూర్చిరి. కిటికీల కడకు వచ్చి ఆగిరి.

ఆగిన కారణము చెప్పవలెనన్న ఆ ప్లాస్టిక్ స్వభావము చెప్పవలెను. దాని పేరు పాలీస్టైరీన్. దాని నతుకుటకు గొట్టములో నమ్ము సిమెంటు నిజమునకు జిగురే కాదు, అది ద్రావకము. టొలువీన్ వంటి ద్రవము ప్లాస్టిక్ పైపొరను కరగించును. కరగిన రెండు అంచులను జతచేసినప్పుడు ఇటువైపు అణుమాలలు అటువైపు అణుమాలలతో పెనవేసికొనును. ద్రావక మావిరియైన పిదప రెండు ముక్కలుండవు, ఒకటే ముక్క. రెక్కకు, తోకకు ఇంతకుమించిన అతుకు లేదు. కిటికీకి మాత్రమది శత్రువు. అంచున పెట్టిన చుక్క సందులో దానంతట ప్రాకి అద్దము నడుమకు వచ్చును. వచ్చిన చోటనెల్ల మెరుగును తినివేయును. పారదర్శకపు పాలీస్టైరీన్ పెళుసు కూడ. పోతలో మిగిలిన బిగువు కలచోట ద్రావకము సోకినచో సాలెగూడు వంటి సన్నని బీటలు పుట్టును.

మా తండ్రిగారి బొటనవ్రేలికి ఆ సిమెంటు కొంచెము అంటియుండెను. ఆయన చూచుకొనలేదు. మొదటి కిటికీని ఆ వ్రేలితో నొక్కిరి. తీసి చూచునప్పటికి వ్రేలిరేఖలు అద్దముమీద దిగబడియుండెను. సంచులపై లక్కముద్రలు వేయుట వృత్తిగా గల చేయి తన ముద్రను తానెరుగక వేసినది. ఆయన దానిని దీపమునకెదుట పట్టి కొంతసేపు చూచిరి. తక్కిన కిటికీలను తాకలేదు. దేహపు రెండు చెక్కలను దారముతో కట్టి, అన్నిటిని పెట్టెలో పెట్టి, “ఆదివారం చూద్దాం” అనిరి. ఆదివారములు పెక్కు వచ్చినవి. 1988లో ఆయన పోయిరి. పెట్టె మాతో నిలిచినది.

మొన్నటి నవరాత్రులకు ముందు మా శ్రీమతి బొమ్మల కొలువునకై అటకమీది పెట్టెలు దింపించుచుండగా, ఎనిమిదవ తరగతి చదువు మా మనుమడు ఆ పెట్టెను విప్పి, దారము కట్టిన విమానమును చేతపట్టుకొని వచ్చెను. “తాతా, ఇదెవరిది? ఎందుకు సగంలో ఆగిపోయింది?” అనెను. ముత్తాతగారిదని చెప్పితిమి. ఎందుల కాగినదో చెప్పితిమి. వాడు వ్రేలిముద్ర గల కిటికీని చాలసేపు చూచి, తన బొటనవ్రేలిని దానిప్రక్క నుంచి పోల్చుకొనెను. మా శ్రీమతి విని, “ఈ ఏడు కొలువు మెట్లమీద మామగారి విమానం పెడదామండీ, ఎన్నాళ్లు దారంతో కట్టి ఉంచుతారు?” అనెను. గడువు పది దినములు. మేమొప్పుకొంటిమి.

ఒప్పుకొని మేము చేసిన మొదటి పని తొందరపాటు. వీధి చివర నంగడిలో చిన్న గొట్టమున నమ్ము త్వరితపు జిగురు నొకదానిని కొనితెచ్చితిమి. చెప్పు తెగినను, కళ్లజోడు విరిగినను, చీపురు పిడి యూడినను ఇంటింట దానినే వాడుదురు గదా, గోరంత కిటికీ యెంత యని మా యెన్నిక. మూడు కిటికీలు పెట్టితిమి. నిమిషములో నంటినవి. చెక్కను బోర్లించి, పైన గిన్నె మూయించి, తృప్తితో పడుకొంటిమి. తెల్లవారి చూచితిమి, బాగుగనే యున్నవనిపించినది. మనుమడు వచ్చి చూచి, “తాతా, కిటికీలకు మంచు పట్టింది” అనెను. మంచెక్కడిదిరా చూలైలో నని నవ్వితిమి. వాడు దానిని తీసికొని కిటికీకెదురుగా ఎండలో పట్టెను. మూడద్దములమీదను తెల్లని బూడిద పూసినట్లుండెను. మాకది కనబడకపోవుటకు కారణము వేరు. దానిని తరువాత చెప్పెదము.

ఆ తెల్లపొర యేమనగా: త్వరితపు జిగురులో సయనోయాక్రిలేట్ అను పదార్థముండును. గాలిలోని తేమ సోకగనే దాని యణువులు ఒకదానితో నొకటి గొలుసుకట్టి గట్టిపడును. గట్టిపడక మిగిలినది ఆవిరియై లేచి దగ్గరి తలముమీద వ్రాలి, అచటి తేమతో గట్టిపడి, తెల్లని పొడిగా నిలుచును. తేమ హెచ్చైనకొలది ఈ బెడద హెచ్చు. ఈశాన్యపు వానలు సమీపించు దినములలో సముద్రపుటొడ్డు నగరమున, అందులో గిన్నె బోర్లించి ఆవిరి బయటకు పోకుండ మూసి, మేము చేసినది సరిగా చేయరాని పనియే. వ్రేళ్ల చెమట తగిలిన చోట పొర మరింత దట్టముగా పట్టును. 1970వ దశకము చివరినుండి పోలీసులు దాగియున్న వ్రేలిముద్రలను బయటపెట్టుట కీ యావిరినే వాడుచున్నారు. మా మూడు కిటికీలమీదను మా వ్రేళ్ల గుర్తులు తెల్లగా తేలియుండెను.

ఈ జిగురు పుట్టుక వినదగినది. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడక్ సంస్థకు చెందిన హారీ కూవర్ తుపాకుల గురిచూపు సాధనములకు పారదర్శకమైన ప్లాస్టిక్‌ను వెదకుచు సయనోయాక్రిలేట్లను పరీక్షించెను. ముట్టిన ప్రతిదానికి నంటుకొనుటచే విసిగి విడిచెను. 1951లో అదే సంస్థలో జెట్ విమానపు పైకప్పుటద్దములకు వేడిమి కోర్చు పదార్థమును వెదకునప్పుడు, ఫ్రెడ్ జాయినర్ అను సహచరుడు ఆ ద్రవమును ఒక కాంతిపరీక్షా యంత్రపు రెండు గాజు పట్టకముల నడుమ పూసి చూచెను. పట్టకములు విడిరాలేదు. విలువైన యంత్రము పాడైనదని వారు బెదరిరి; ఆ పాటునుండియే 1958లో నొక క్రొత్త జిగురు అంగడికి వచ్చినది. విమానపుటద్దమును వెదకబోయి కనుగొనిన పదార్థము బొమ్మ విమానపుటద్దమునకే పనికిరాకపోవుట విడ్డూరము కాదా?

చేసిన పాపమును కడుగుకొనవలసి వచ్చినది. మా కోడలు గోళ్ల రంగు తుడుచు ద్రవమును తెచ్చి, “దీనితో ఆ జిగురు పోతుందంటారు, మామయ్యగారూ” అనెను. పోవు మాట నిజమే. అందలి అసిటోను ఆ జిగురును మెత్తబరచును. అయితే పాలీస్టైరీన్‌ను కూడ తినును. తొందరపాటు ఒకసారి చాలునని తలచి, కిటికీలను కోసి తీసిన తరువాత మిగిలిన పారదర్శకపు కాడమీద ఒక బొట్టు వేయించితిమి. చూచుచుండగనే కాడ తెల్లబారి మెత్తబడినది. ఇది యెవరును మరువరాని పాఠము: ఏ ద్రవమునైనను అసలు ముక్కకు ముందు దానితో పుట్టిన పనికిరాని కాడమీద పరీక్షింపవలెను. పెట్టెలో కాడలు పారవేయక దాచిన తండ్రిగారికి మనసులో నమస్కరించితిమి.

త్వరితపు జిగురునకు లాగుడు బలమెక్కువ, ప్రక్కదెబ్బకు ఓర్పు తక్కువ. వెదురుపుల్లతో అంచున మెల్లగా నొక్కగా మూడు కిటికీలును ఊడివచ్చినవి. మనుమడు వానిని మిక్కిలి నునుపైన నీటి ఉప్పుకాగితముమీదను, పిదప పండ్లు తోముకొను ముద్దతో మెత్తని గుడ్డమీదను రెండు సాయంకాలములు రుద్దెను. మూడును తేటపడినవి. “ముత్తాతగారి కిటికీని కూడా తోమనా?” అని యడిగెను. తోమినచో రేఖలు పోవును, కిటికీ తేటపడును. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. వాడే, “వద్దులే తాతా” అని దానిని ప్రక్కన పెట్టెను.

ఇక ఏ జిగురు? తెలిసినవారిని విచారించితిమి, కాడలమీద ప్రయోగములు చేసితిమి. రెండు గొట్టముల ద్రవములను కలిపి వాడు ఎపాక్సీ గట్టిది, ఆవిరితో అద్దమును మసకపరుపదు, సందులను నింపును. కాని కలుపుట జిడ్డుపని, గట్టిపడిన పిదప దిద్దుటకు వీలులేదు, ఏండ్లు గడచి ఎండ తగిలినకొలది పసుపుబారును. దంతవైద్యులు నీలపు కాంతి చూపి గట్టిపరచు లేపనము వంటిది ఇప్పుడు బొమ్మలకును దొరకుచున్నది. కాంతి చూపువరకు కదలించుకొనవచ్చును, చూపిన క్షణమున బిగియును. అది మంచిదే. అయినను మా చేతికి తగినది అందరి యింటను ఉన్న తెల్ల జిగురే. వడ్రంగులు మొదలు బడిపిల్లల వరకు వాడునది, 1959నుండి ఫెవికాల్ అను పేరున మన దేశమున ఇంటిమాటయైనది, ఆ జాతి జిగురు.

అది పాలీవినైల్ అసిటేట్ అను పదార్థపు సూక్ష్మబిందువులు నీటిలో తేలుచుండు ద్రవము. పాలవలె తెల్లగా నుండుటకు కారణము పాలకున్నదే: బిందువులు వెలుతురును చెదరగొట్టును. నీరు ఆరిపోయినకొలది బిందువులు ఒకదానినొకటి చేరి యేకపొరయగును; తెలుపు పోయి తేటపడును. అందు ప్లాస్టిక్‌ను కరగించునదేదియు లేదు. అద్దముమీద మంచుపట్టు ఆవిరియు లేదు. తడిగా నుండగా ఎచటనైన చిందినచో తడిగుడ్డతో తుడిచిన పోవును. పెట్టినది వంకరయైనచో తీసి మరల పెట్టవచ్చును. బలము తక్కువ, నిజమే. కాని కిటికీని మోయుమని ఎవరడిగిరి? రెక్క బరువు మోయవలెను, చక్రము విమానమును మోయవలెను. కిటికీ వెలుతురును మాత్రమే మోయును. దానికి కావలసినది గట్టి పట్టు కాదు. తప్పు చేసినవానికి దిద్దుకొనుటకు వ్యవధి నిచ్చు పట్టు. ఈ యొక్క మాట తెలియక మా తండ్రిగారు పదియేడేండ్లు పెట్టె విప్పలేదు. మేము మూడు దశాబ్దములకు పైగా విప్పలేదు.

మనుమడు వెదురుపుల్ల కొనతో ఆవగింజంత జిగురు తీసి, కన్నపు అంచు చుట్టును రాచి, చిన్న పట్టకారుతో కిటికీని లోపలివైపునుండి పెట్టెను. మరక పడినచోట తడిపిన దూదిపుల్లతో తుడిచెను. వానకాలపు తేమవలన ఆరుటకు ఒక రాత్రి చాలలేదు, రెండు రాత్రులుంచితిమి. తండ్రిగారి కిటికీని వారు పెట్టదలచిన చోటనే, రెక్క వెనుక మొదటి కన్నమున పెట్టితిమి. మూడవనాడు దేహపు రెండు చెక్కలను జతచేసి, అంచుల వెంట ద్రావకపు సిమెంటు పూసి, గదికిటికీలు తెరచి, రబ్బరు పట్టీలతో బిగించితిమి. ఏబదియేండ్ల దారమునకు విడుదల కలిగినది. అతుకు ఆరెను. రెండు చెక్కలొకటైనవి, ఇక విప్పుట లేదు.

మరునాడు మనుమడు విమానమును ఎత్తి వంచగా లోపల చప్పుడైనది. రెక్క వెనుక మొదటి కన్నము ఖాళీ. తండ్రిగారి కిటికీ యంచు ఆనాటి సిమెంటునకు కరగి వంగియుండుటచే కన్నమున సరిగా కూర్చుండలేదు. అల్పబలము గల జిగురు దానిని నిలుపలేకపోయినది. అది లోపల పడినది. తీయవలెనన్న దేహమును కోయవలెను. వాడి కండ్లలో నీరు తిరిగెను. “నేనే సరిగ్గా చూడలేదు తాతా” అనెను. మాకును కొంతసేపు మాట రాలేదు. రెండు చెక్కల నడుమ కత్తి పెట్టుదమా యని కూడ తలచితిమి. పిదప మా శ్రీమతి విమానమును చేతికి తీసికొని, మెల్లగా అటునిటు వంచి, ఆ చప్పుడు విని, “మామగారు ఎప్పుడూ విమానం ఎక్కలేదన్నారుగా? ఉండనివ్వండి” అనెను. కత్తిని లోపల పెట్టితిమి.

ఖాళీ కన్నమునకు ఏమి చేయవలెను? క్రొత్త కిటికీ లేదు. దీనికిని తెల్ల జిగురే ఉపాయము. ఆరు మిల్లీమీటర్లకు మించని కన్నమునకు ఆ జిగురే అద్దము కాగలదు. పుల్లకొనను జిగురులో ముంచి, కన్నపు అంచు చుట్టును త్రిప్పి, ఒక యంచునుండి రెండవ యంచునకు మెల్లగా లాగినచో, సబ్బునీటి బుడగవలె పలుచని పొర కన్నమునకు అడ్డుగా నిలుచును. మొదట పాలరంగు. కదలింపక ఒక దినము విడువవలెను. మనుమనికి రెండుసార్లు పొర చిట్లినది; తుడిచి మరల లాగెను. ఇందును దిద్దుబాటునకు వ్యవధి కలదు గదా! మూడవసారి నిలిచినది. మరునాటి యుదయమున మేము లేచునప్పటికి తెలుపు పోయి, ఆ కన్నము కడ చిన్న వెలుతురు మిలమిలలాడుచుండెను. రెండింటిని అతుకవలసిన జిగురు తానే కిటికీయైనది. చూచువారికి అది వేరని తెలియదు.

మాకు మూడు కిటికీల మంచు కనబడకపోవుటకు కారణము చెప్పెదమంటిమి. మా కంటిలోనే మంచుండెను. శుక్లము ముదిరినదని వైద్యులు చెప్పి యేడాదియైనను వాయిదా వేయుచుంటిమి. పిల్లవానికి కనబడినది మాకు కనబడలేదన్న సిగ్గుతో నవరాత్రులైన మరువారము శస్త్రము చేయించుకొంటిమి. వైద్యులు మసకబారిన కటకమును తీసి ప్లాస్టిక్ కటకమును పెట్టిరి. దాని కథయు విమానపుటద్దమునదే. యుద్ధకాలమున పగిలిన విమానపుటద్దపు తునకలు వైమానికుల కండ్లలో గ్రుచ్చుకొనినను కన్ను వానిని కసరకుండుట హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు గమనించెను. 1949 నవంబరు 29న లండనులో నొక రోగికి ఆ జాతి ప్లాస్టిక్‌తో చేసిన కటకమును అమర్చెను. రాత్రి విమాన తపాలా ఆరంభమైనదియు ఆ యేడే. ఆ కటకమును ఏ జిగురుతో అంటించితిరని మేము వైద్యుని అడిగితిమి. ఆయన నవ్వి, జిగురేమియు లేదనియు, దానికిరువైపుల నున్న సన్నని కొక్కెములు లోపలి సంచిలో ఒదిగియుండుననియు చెప్పిరి. ఒత్తిడిలేని పట్టే కంటికిని తగినదన్నమాట.

కొలువున తొమ్మిది మెట్లు పెట్టితిమి. మా శ్రీమతి పుట్టింటినుండి వచ్చిన కొండపల్లి దశావతారములు, అంబారీ యేనుగు, కల్లుగీత మనిషి, వారి క్రింది మెట్టున డకోటా. చింతగింజల మక్కు అతుకులును, పాలీస్టైరీన్ అతుకులును ఒక దీపపు వెలుగున నిలిచినవి. పేరంటమునకు వచ్చిన ఇరుగుపొరుగు తమిళ గృహిణులు సుండలు పంచుచు విమానమేమిటని యడుగగా, మనుమడు వారి భాషలో కథయంతయు చెప్పెను. మా శ్రీమతి చెల్లెలు విజయవాడనుండి వచ్చినప్పుడు అదే కథను తెలుగున చెప్పెను. ఒక భాషలో చెప్పినప్పుడు రెండవది మసకబారలేదు. మా తండ్రిగారు 1953లో చూలైని ఏల విడువలేదో వారు చెప్పలేదంటిమి. ఆ సాయంకాలము వాడు మాటలాడుచుండగా వినుచు, అడుగవలసిన యవసర మింకలేదని యనుకొంటిమి.

శుక్లము తీయించుకొనిన పిదప మేము బీరువా తెరచి ఆ విమానమును మరల చూచితిమి. కిటికీలన్నియు తేటగా నున్నవి. రెక్క వెనుక మొదటిదానిలోనుండి చూచినచో లోపల నేలమీద ఒక గోరంత ముక్క కనబడును. దీపము సరియైన కోణమున నుండిన దానిమీది రేఖలు కూడ కనబడును. మా యింటికి వచ్చినవారు కోరినచో చూపెదము. దయచేసి మెల్లగా వంచుడు.